ఎల్క్ క్రీక్ రోడ్డు మీద మంచు

వెర్నత్తకి,

కోపంగానే రాస్తున్నాను, చదువు. మంగళవారం నువ్వు సభ్యురాలిగా ఉన్న కౌంటీ బోర్డు చర్చ అక్కర్లేని అంశాలన్నీ మూటగట్టి, ఒక్కసారి చేతులెత్తి పాస్ చేస్తుంది కదా. శ్మశానంలో గడ్డి కోత, జైలుకి కొత్త పరుపులు, వాటి మధ్యలో ఎల్క్ క్రీక్ రోడ్డుకి ఈ చలికాలం మంచు తీయడం ఆపెయ్యడం. చూశావా అసలు?

ఆ రోడ్డు చివర ఉండేది మా అక్క డార్లీన్, నీ మేనకోడలే. జనవరిలో కాన్పు. మొదటి బిడ్డ ఎలా పోయిందో నీకు తెలుసు. ఆ రోజు కౌంటీ మంచు బండి నడుపుతూ అంబులెన్సు ముందు దారి చేసుకుంటూ వెళ్ళింది నేనే. అయినా ఆలస్యమైపోయింది.

మా రోడ్ల పని ఫోర్‌మన్‌ని అడిగితే, "నాలుగిళ్ళ కోసం బండి దండగరా. పురుడు వేసవికి పెట్టుకోమను మీ అక్కని" అని నవ్వాడు. ఉద్యోగం పోతుందని చెయ్యి చేసుకోలేదు.

అత్తా, నువ్వు గొడవపడక్కర్లేదు. మీ మీటింగుల్లో వెనక కూర్చుని నేర్చుకున్నాను. సభ్యుల్లో ఒక్కరు "ఇది విడిగా చూద్దాం" అంటే చాలు, మూటలోంచి తీయాల్సిందే. తర్వాత నేను లేచి మాట్లాడతాను. ఆ ఒక్క మాట అను, నీ కాళ్ళు పట్టుకుంటాను.

"చలికాలం మంచు తీయరు" అనే బోర్డు అప్పుడే నా బండిలో వేశారు. బుధవారం పాతాలి. నువ్వు నోరు తెరవకపోతే పాతుతాను. కానీ నేను గొయ్యి తవ్వుతుంటే నువ్వొచ్చి బోర్డు పట్టుకోవాలి. డార్లీన్ కారాపి ఏమిటిదని అడిగితే, జవాబు నువ్వే చెప్పాలి.

నీ మేనల్లుడు