భార్గవికి సూది నేనే ఏయిస్తా

ఏమప్పా, సంగటి గిన్నెలో ఉండాది, పక్కనే నంజుకునేకి ఊరిబిండి మూతపెట్టినా. తిన్నాక మేకలకు నీళ్ళు పెట్టు.

భార్గవిని కంబదూరు ఆసుపత్రికి పిల్చుకపోతాండా. గర్భసంచి మూతి కాన్సర్ రాకుండా పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు ఈ పొద్దు సూది ఏస్తారు. కాగితం మీద సంతకం నేనే పెడతా. కన్నది నేను.

"ఆ సూదికి పిల్లలు పుట్టరు, రేపు దాన్ని ఎవురు చేసుకుంటారు" అని మీ యన్న టీ అంగడి కాడ అన్నాడంట. నేను నర్సమ్మను అడిగినా. అదంతా అబద్ధమనింది. తన కూతురికీ ఏయించిందంట.

మీ చెల్లెలు సుంకమ్మను మర్చిపోయినావా? రెండేండ్లు రక్తం పోతాన్నా సిగ్గుపడి ఎవురికీ చెప్పకపాయ. చెప్పేతలికి ఈ రోగమే ముదిరిపోయిండె. ముప్పై ఆరేండ్లకే పాయ. మన ఇంట్లో మంచాన పడింటే కడిగి తుడిచింది నేను. మీ యన్న గడప దాటి లోపలికి రాలేదు. ఇప్పుడు మాత్రం బుద్ధులు చెప్పేకి వచ్చినాడు.

"అన్నను ఒక మాట అడుగు" అంటివి నిన్న. నేను అడగలేదు. మీ అమ్మను అడిగినా. ఆమె చెప్పులేసుకోని మాతోపాటు బయలుదేరె.

మల్లీశ్వరి

ఇంకోటి. పాపకు చేయి నొప్పి పుడతాదంట. సాయంత్రం ఐదు గంటల బస్సుకు దిగుతాం, రోడ్డు కాడికి రా. నిన్ను చూస్తే దానికి ధైర్యం. మీ యన్న చూస్తాంటాడని మాత్రం ఆగొద్దు.