కొలిమి అవతలి ఊఁ

వదినకు,

పని మానేసి నీ దగ్గరికి రమ్మని రాశావు. రాలేను. ఎందుకో ఎదురుగా చెప్పమంటే నా నోరు పెగలదు. కాగితమైతే నువ్వు నా ముఖం చూడవు కనుక రాస్తున్నాను.

మా పని నీకు తెలిసిందే. ఊకను ఆసిడ్ నీళ్ళలో ఉడికించి, కడిగి, ఆరబెట్టి, కొలిమిలో నిదానంగా కాలుస్తాం. తొందరపడితే నల్లగా ఉండిపోతుంది. వేడి ఎక్కువైతే రవ్వలా బిగుసుకుంటుంది. కుదురుగా కాలితే, వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియనంత మెత్తటి తెల్లపొడి. సిలికా. టైర్లలోనూ పళ్ళపొడిలోనూ కలుపుతారట.

కొలిమి తలుపు బరువు. దాని గొలుసు కొలిమి మీదుగా అవతలికి పోతుంది. ఇటు నేను, అటు అన్నయ్య. ఒకరికొకరం కనబడం. “తీస్తున్నా అన్నయ్యా!” అని కేకేసి నేను గొలుసు పట్టుకుంటే, అటునుంచి “ఊఁ” అనేవాడు. అప్పుడు ఇద్దరం లాగేవాళ్ళం. ఆయన పోయాక ఆ కొసకు ఇనుప దిమ్మ కట్టారు. ఇక కేకతో పనిలేదు. అయినా అలవాటు కొద్దీ వేస్తూనే ఉన్నాను.

ఊఁ అంటున్నాడు వదినా.

నేను వచ్చేస్తే ఆయన అక్కడ ఒక్కడే నిలబడి ఉంటాడు కదా.

నీ మరిది

వదినా,

నిన్న ఊఁ రాలేదు. చేతికి బొబ్బలెక్కి, గొలుసు పట్టుకోకుండా ఊరికే కేకేశాను. మళ్ళీ వేశాను. ఆయన పలక్కుండా తలుపు ఎలా తీయను? అలాగే నిలబడిపోయాను. లోపల పొడి మాడి బిగుసుకుపోయింది.

మేనేజరమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. “ఎవరి ముహూర్తం కోసం ఆగావు తాతా? దీంతో పళ్ళు తోముకుంటే చిగుళ్ళు కూడా మిగలవు” అంది. అందరూ నవ్వారు.

నీకు రాశానని అన్నయ్యకు కోపం వచ్చిందేమో. నాకు తిండి సహించడం లేదు.

నీ మరిది

వదినమ్మకు,

ఇది ఉత్తరంలో రాసే మాట కాదని నువ్వే బస్సెక్కి వచ్చావు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నువ్వు చెబుతుంటే తల ఎత్తలేకపోయాను. నువ్వన్న మాటలు చెవుల్లోనే ఉన్నాయి.

“మీ అన్నకి చెవులు పోయి ఎన్నేళ్ళయిందో తెలుసా పిచ్చివాడా? పని పోతుందని నీకు కూడా చెప్పనివ్వలేదు. నీ కేక ఎప్పుడు విన్నాడని! చేతిలో గొలుసు కదిలితే ఊఁ అనేవాడు. ఇంట్లోనూ అంతే. నేను నోరు తెరిస్తే చాలు, ఊఁ. చీర కొనమన్నా ఊఁ, ముసలాడివైపోయావన్నా ఊఁ.”

నువ్వు నవ్వావు. తర్వాత కొంగు అడ్డం పెట్టుకున్నావు.

అంటే అన్నేళ్ళూ నేను పిలిచిన పిలుపు ఒక్కటీ ఆయన చెవిన పడలేదు. నా నోటినుంచి రోజంతా వచ్చే మాటే అదొక్కటి వదినా.

ఇవాళ అందరూ భోజనాలకు వెళ్ళాక కొలిమి దగ్గరికి వెళ్ళాను. “వదిన దగ్గరికి పోతాను, నువ్విక్కడ ఒక్కడివే ఉండగలవా?” అని అడిగాను. ఎప్పుడూ ఆయనతో అంత పొడుగు మాట అనలేదు. జవాబు లేదు. అప్పుడు గొలుసు పట్టుకుని మెల్లగా కదిపాను.

“ఊఁ” అన్నాడు.

నేను ఏమడిగానో విననే లేదు. అయినా అన్నాడు.

బట్టలు సర్దుకుంటున్నాను.

నీ మరిది