ఆమ్నాకు రాని పట్టా

ఖుర్సీపార్, భిలాయి
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి నమస్కారాలు.

నువ్వు, బావగారు, పిల్లలు అందరూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదానికి జ్వరం పూర్తిగా పోయిందా? నేను బాగానే ఉన్నాను. మొన్న ఫోన్లో నువ్వు "ఏటే, గొంతు అలాగుంది?" అని అడిగితే జలుబని చెప్పాను. జలుబు కాదక్కా. నోటితో చెప్పబోతే ఏడుపొచ్చేస్తుంది, అందుకే రాస్తున్నాను. కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది.

ముందు నా సంగతి. హాస్టల్లో వార్డెన్ పని పోయింది. ఈ ఏడాది కాంట్రాక్టు పొడిగించలేదు. జాముల్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేరాను. పొద్దున్నే షేర్ ఆటోలో వెళ్లి సాయంత్రానికి వస్తాను, జుట్టు నిండా సిమెంటు దుమ్ముతో. ఎండలు చెప్పనలవి కావు. మధ్యాహ్నం వీచే వడగాలిని ఇక్కడ 'లూ' అంటారు. తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడినట్టే. అయినా అలవాటైపోయింది. తిండికి లోటు లేదు. నిజంగానే బాగున్నాను.

పని ఎందుకు పోయిందో చెప్పాలంటే ఆమ్నా గురించి చెప్పాలి. హాస్టల్లో ఒక సూడాన్ పిల్ల ఉందని, నువ్వు పంపిన ఎండు నెత్తళ్ల వేపుడు ఇష్టంగా తిన్నదని అప్పుడెప్పుడో చెప్పాను కదా, ఆ పిల్లే. నేనిక్కడికి వచ్చిన ఏడే తనూ వచ్చింది. ఇద్దరికీ హిందీ రాదు. కూరగాయల బండివాడి దగ్గర ఇద్దరం వేళ్లతో లెక్కలు చెప్పుకుంటూ నేర్చుకున్నాం. నన్ను దీదీ అనేది. భూమిలోని నీళ్ల గురించి చదువు. వాళ్ల ఊళ్లో బావులన్నీ ఉప్పెక్కిపోతున్నాయట. "దీదీ, వాపస్ జాకర్, ఇంటికెళ్లగానే, ముందు మా అమ్మ బావి చూస్తా" అనేది, సగం హిందీ, సగం మన తెలుగు కలిపి.

వాళ్ల విశ్వవిద్యాలయానికీ మా కాలేజీకీ ఒప్పందం ఉంది. చదువు కొంత అక్కడ, కొంత ఇక్కడ. ఫీజు, హాస్టల్, తిండి అన్నీ వాళ్ల వైపు నుంచి వచ్చే స్కాలర్‌షిప్పే. పట్టా ఇచ్చేది కూడా వాళ్లే. సూడాన్‌లో మొదలైన యుద్ధం ఆమె ఊరికి పాకింది. స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. ఆ తర్వాత ఇంటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. తండ్రి రొట్టెల కోసం వెళ్లి తిరిగి రాలేదని, తల్లి మిగతా పిల్లలతో సరిహద్దు దాటి శిబిరానికి చేరిందని చాలా రోజులకి తెలిసింది. ఆ కబురు విన్న రోజు కూడా ఆమ్నా ల్యాబుకి వెళ్లింది. సాయంత్రం మెస్సులో నా పక్కన కూర్చుని వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తూనే ఉంది. చాలమ్మా అన్నా ఆపలేదు.

కాలేజీ వాళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టారు, అది కాదనను. తర్వాత గది ఖాళీ చేయమన్నారు. నేను ఆఫీసుకి వెళ్లి, థీసిస్ అయ్యేదాకా ఉండనివ్వమని బతిమాలాను. అక్కడి గుమాస్తా చెడ్డవాడు కాదు. "మేడమ్, మై క్యా కరూఁ? ఆమె మన స్టూడెంట్ కాదు, మెహమాన్, అతిథి. పంపినవాళ్లే లేకపోతే మెహమాన్‌ని ఎన్నాళ్లు ఉంచుతాం?" అన్నాడు. నాకు కోపం ఆగలేదు. నాలుగు మాటలు అన్నాను. అన్నవి గట్టిగానే అన్నాను. కాంట్రాక్టు ఆగింది ఆ మాటలకే. పిల్లని నేనుండే అద్దె రేకుల గదికి తెచ్చేసుకున్నాను.

అప్పుడు భయపడింది ఇంటివారి గురించే. సింహాచలం మావయ్యని ఇంటి యజమాని, మన వైపువాడే, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. విదేశీయులు ఇంట్లో దిగితే ఠాణాలో చెప్పాలట. ముసలాయన ఒప్పుకోడనుకున్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. "ఏటమ్మా, పిల్ల దేశం తగలడిపోతంటే నాను ఠాణా గుమ్మం ఎక్కలేనేటి? పద" అన్నాడు. ఆ మాటకి ఆమ్నా ఏమర్థం చేసుకుందో గానీ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఎండలు మొదలైనప్పటి నుంచి ఆ రేకుల గదిలో కూర్చుని రాసింది. తలకి తడి తువ్వాలు చుట్టుకుని, కరెంటు పోతే గుమ్మంలోకి జరిగి. చివరికి వైవా, అదే నోటి పరీక్ష, జరిగింది. నేను సెలవు పెట్టి బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరుచుకోగానే ఆమె ముఖం చూసి పాసయిందని తెలిసింది. వచ్చిన పెద్దలు అడిగిన ప్రతిదానికీ సమాధానం చెప్పిందట. గైడు మాస్టారు మాత్రం వెనకాలే వచ్చి, నేల చూస్తూ చెప్పాడు: "పట్టా మేం ఇవ్వలేం బేటీ. ఇవ్వాల్సింది మీవాళ్లు. వాళ్ల జవాబు లేదు."

ఆ విశ్వవిద్యాలయం తగలబడిపోయిందక్కా. వాళ్ల డీన్ ఎక్కడో రేవు పట్నంలో బంధువుల ఇంట్లో తలదాచుకుంటున్నాడు. ఆమ్నా ఎలాగో ఆయన నంబరు పట్టుకుని మాట్లాడింది. స్పీకరులో పెట్టింది. నాకు భాష రాదు గానీ ఆ పెద్దాయన గొంతు వణకడం తెలిసింది. తర్వాత ఆమ్నా చెప్పింది. "నీ మార్కులు నాకు గుర్తున్నాయమ్మా. కానీ రిజిస్టర్లు లేవు, ముద్ర లేదు. నా జ్ఞాపకం మీద సంతకం పెడితే ఎవరు నమ్ముతారు?" అన్నాడట.

ఆమె ఏడవలేదు. "దీదీ, నేను చదివానా లేదా?" అని అడిగింది. చదివావమ్మా అన్నాను. "మరి ఆ చదువు ఎక్కడుంది?" అంది.

చదువు అయిపోయింది కాబట్టి వీసా కూడా అయిపోయినట్టే. కైరోలో ఉన్న వాళ్ల పిన్ని టికెట్ పంపింది. దుర్గ్ స్టేషన్లో ఢిల్లీ బండి ఎక్కించాను. మావయ్య అటుకులు, బెల్లం మూట కట్టి ఇచ్చాడు. బండి కదిలాక కూడా ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు నేనేమీ వండుకోలేదు. ఇప్పుడు వండుకుంటున్నాను, బెంగ పడకు.

అసలు చెప్పాల్సింది ఇది. మొన్న బుధవారం క్యాంటీన్‌లో పప్పు కడుగుతుంటే తెలియని దేశపు నంబరు నుంచి ఫోన్. ఆమ్నా తల్లి. శిబిరంలో ఎవరి ఫోన్ నుంచో చేసింది. ఆమ్నా ఇక్కడి సిమ్ము ఆగిపోయింది కదా, ఆ తల్లి దగ్గర ఉన్నది నా నంబరొక్కటే. "రమణీ దీదీ?" అంది. తర్వాత ఏవేవో చెప్పింది, ఒక్క ముక్క తెలియలేదు. చివరికి ఎక్కడో నేర్చుకున్న ఒకే ఒక్క ఇంగ్లీషు మాట అడిగింది. "ఆమ్నా... పాస్?"

పట్టా సంగతి కూతురు చెప్పలేదని అప్పుడర్థమైంది. నేనేం చెప్పనక్కా? వచ్చిన భాషలన్నీ కలిపినా ఆ మిగతా కథ ఆవిడకి చెప్పలేను. "పాస్" అన్నాను. "పాస్, పాస్" అని మళ్లీ అన్నాను.

ఒక్కసారిగా ఫోన్లో కేకలు. ఒకరు కాదు, బోలెడంత మంది ఆడవాళ్లు, నాలుక ఆడిస్తూ సన్నగా, పొడుగ్గా. ఏదో ఘోరం జరిగి ఏడుస్తున్నారనుకున్నాను. మధ్యలో ఆ తల్లి నవ్వు వినబడింది. అవి సంతోషపు కేకలట. వాళ్ల దేశంలో పెళ్లికీ, పురుటికీ అలాగే చేస్తారట. తర్వాత క్యాంటీన్‌లో గల్ఫులో పనిచేసి వచ్చినాయన చెప్పాడు. లైను తెగేదాకా తడి చేత్తో ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆమ్నా కొత్త నంబరు ఇంకా నాకు రాలేదు. వస్తే ముందు ఆ మాట చెప్పాలి: మీ అమ్మకి పాస్ అనే చెప్పాను, మిగతాది నువ్వే చెప్పుకోమని. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆమె గురించి అడగకు, నేనే చెప్తాను.

వీలైతే కాసిన్ని నెత్తళ్లు పంపు, మావయ్యకీ ఇష్టం. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. పెదనాన్నగారి కాళ్లకి నా బదులు నువ్వు దండం పెట్టు. ఈ ఎండలు దాటేదాకా మీ అందరి దీవెన నా మీద ఉండాలి. నేను బాగానే ఉన్నాను.

నీ చెల్లెలు
రమణి