ఎవలింటి పిల్లనే?

నాయనమ్మా,

నువ్వు పోయి ఏడు నెలలైంది. ఎట్లున్నావని అడగడానికి లేదు... ఇక్కడి సంగతే చెప్తాను.

ఇంట్లో నాకు కొత్త పేరు వచ్చింది. సీఐడీ అట. చెల్లి శ్రావణికి కంప్యూటర్ ఇచ్చారని కుళ్లుకుంటున్నానట, ఇంటి పరువు తీయడానికే హాస్టల్ నుంచి దిగానట. అన్నది నాన్న. అమ్మ కాదనలేదు. నేను చేసిందల్లా నువ్వు చేసినదే... అది తప్పా?

కంప్యూటర్ హాల్లో ఉన్నప్పుడు దాని పక్కనే నీ ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. శ్రావణి స్నేహితులతో చాటింగ్ చేస్తుంటే పల్లికాయలు ఒలుస్తూ తెర వైపు చూసేదానివి. నీకు అక్షరం రాదు. అయినా కొత్త ముఖం కనిపిస్తే చాలు, గుమ్మంలోకి వచ్చిన మనిషిని అడిగినట్టే అడిగేదానివి. "ఎవలింటి పిల్లనే? వాళ్ల నాయిన ఏం జేస్తడు? మనింటికి ఎప్పుడన్న వచ్చిందా?" అది విసుక్కునేది. "ఇసుక్కుంటే ఇసుక్కో గని, జెప్పు" అనేదానివి. చెప్పలేకపోతే ఆ పేరు తీసేసేదాకా వదిలేదానివి కాదు. మేమిద్దరం నిన్ను చూసి ఎంత నవ్వుకున్నామో...

నువ్వు పోయాక కుర్చీ బాల్కనీలోకి వెళ్లింది. తెలంగాణ బంద్‌లతో బడి వారాల తరబడి మూతపడింది. చదువు ఆగకూడదని నాన్న కంప్యూటర్‌ను శ్రావణి గదిలోకి మార్చాడు. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, చెడ్డ సైట్లు తెరుచుకోకుండా ఏదో బిగించి, ఇగ ఫికర్ లేదనుకున్నాడు. బంద్ రోజుల పని శని, ఆదివారాల్లో చేయించుకుంటున్నారని సెలవు రోజున కూడా హైటెక్ సిటీకి పోయేవాడు. అమ్మకు తన బ్యాంకు. నేను నిజాంపేట హాస్టల్లో. పదమూడేళ్ల పిల్ల, కొండాపూర్ ఫ్లాట్‌లో, మూసిన తలుపు వెనక...

కాలేజీ కూడా మూసేస్తే ఇంటికొచ్చాను. శ్రావణి అన్నం కెలికి లేచిపోతోంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. తిట్టలేదు నాయనమ్మా. పక్కన కూర్చుని నీ ప్రశ్నే అడిగాను. అంతే, ఏడ్చేసింది.

నెట్‌లో ఎవరో వేరే బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయినని చెప్పి స్నేహం కలిపారట. బంద్ రోజున ఇంట్లో ఎవరుంటారని అడిగారట. యూనిఫాంలో ఫొటో అడిగితే పంపింది. ఇప్పుడు ఇంకోరకం ఫొటో కావాలట. ఇవ్వకపోతే మొదటిదాన్నే అసహ్యంగా మార్చి బడి పిల్లలందరికీ పంపుతారట. అవతల ఉన్నది అమ్మాయి కాదని దానికి అప్పుడు అర్థమైంది.

నాన్న ముందు నమ్మలేదు. చూపిస్తే వెళ్లి నెట్ వైరు పీకేశాడు. అన్నీ చెరిపేసి నోరు మూసుకోమన్నాడు. శ్రావణికి ఇక ఈ జన్మలో కంప్యూటర్ లేదట. శిక్ష దానికా? వైరు పీకితే వాడి దగ్గరున్న ఫొటో పోతుందా? భయపడుతూనే చెప్పుకున్న పిల్ల... ఇంకోసారి ఏదైనా అయితే ఎవరికి చెప్తుంది?

నువ్వుంటే ఏమనేదానివో తెలుసు. మాలో ఎవరు ఏ తగాదా తెచ్చినా అదే మాట కదా. "మన పోరిని తర్వాత తిడ్దాం. ముందుగాల బయటోని సంగతి సూడుండ్రి."

నేను ఏదీ చెరపనివ్వలేదు. వాడు రాసినవన్నీ ప్రింట్ తీసి నా సంచిలో పెట్టుకున్నాను. కంప్యూటర్‌ను హాల్లోకి లాగాను. నీ కుర్చీ దుమ్ము తుడిచి పక్కన వేశాను.

రేపు బంద్ లేదు. పొద్దున్నే శ్రావణిని తీసుకుని పోలీస్ స్టేషన్‌కు పోతున్నాను. నాన్న వస్తే వస్తాడు. రాకపోతే మేమిద్దరమే.

నీ పెద్ద మనుమరాలు