మొదళ్ళకు నీళ్ళు

అన్నా,

నువ్వు నాటిన సరుగుడు తోపు నిన్న కాలిపోయింది. నువ్వు పోయాక దానికి కాపలా నాదే కాబట్టి, వినకపోయినా నీకే చెప్పుకోవాలనిపించింది.

ఈ ఎండాకాలం మంటల ముప్పు ఎక్కువని ఫారెస్టాఫీసు వాళ్ళు ఫోన్లకు ముందే మెసేజీ, మ్యాపు పంపారు. మ్యాపులో మన తీరమంతా ఎర్రగా ఉంది. తెలిసి మాత్రం ఏం చేయను? నీ రోజుల్లో మాఘం దాటగానే ఆడవాళ్ళు పొయ్యిలోకని రాలిన ఆకంతా ఊడ్చుకుపోయేవారు. తోపు వాకిలిలా ఉండేది. ఈసారి నేనే ఇల్లిల్లూ తిరిగి అడిగాను. "గ్యాసుండాది గదబ్బా, ఆకు మాకెందుకు?" అన్నారు. పాదాలు మునిగేంత ఆకు అలాగే ఉండిపోయింది.

నిన్న మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేసరికి మంట ఆ ఆకులోంచే పాకింది. పచ్చి కొమ్మలతో బాదాం, ఇసుక చల్లాం. ఒకచోట ఆర్పితే ఇంకోచోట లేచింది. ఫైరింజను ఇసుకలో దిగబడింది. అంత సముద్రం పక్కనే ఉండి ఏం లాభం?

ఈ పొద్దున వెళ్ళేసరికి వదిన ఒక్కతే బూడిద ఊడుస్తోంది. పక్కన నీళ్ళ బిందె ఉంది.

"ఇప్పుడు ఊడ్చేదెందుకు వదినా?" అన్నాను.

"మొదళ్ళు కనపడితే గదా నీళ్ళు పోసేది" అన్నది.

సరుగుడు ఇంతలా కాలితే మళ్ళీ చిగురు వేయదని నాకు చెప్పింది నువ్వే. ఆమెకెందుకు చెప్పలేదన్నా? బిందె అందుకుని, ఆమె చూపించిన చెట్టుకల్లా నీళ్ళు పోశాను.