అబ్బులు గారి చక్రకేళి మీద రాసిన మాట

రావులపాలెం,
బుధవారం.

అక్కా,

నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, అమ్మ బాగున్నారనుకుంటున్నాను. బాగోకపోతే దాచకుండా చెప్పు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ వేటకి వెళ్తున్నాడా, ఇంకా బోటు ఇంజను బాగుచేస్తున్నానని ఒడ్డునే కూర్చున్నాడా? నీ మగ్గం మీద చీర ఎంతవరకు వచ్చింది?

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటని అడక్కు. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు "మెల్లిగా మాట్లాడవే నూకరత్నం" అంటావు, చెప్పాల్సింది అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. చేపల వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపిస్తున్నాను.

ఇక్కడ ఎండ మండిపోతోంది. హాస్టల్లో అరటికాయ వేపుడు, అరటికాయ పులుసు, ఆదివారం స్పెషల్ అని అరటికాయ బజ్జీ. పగలంతా గెలల మధ్య ఉండి వస్తే కంచంలోనూ అదే. ఎండు రొయ్యలు కొంచెం పంపించు. సముద్రం చప్పుడు లేక చెవులు ఖాళీగా ఉన్నాయి. అంతే, బెంగేమీ లేదు. బాగానే ఉన్నానని అమ్మకి చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే ఆదివారం రాజమండ్రిలో నా ఎంబీఏ ఎంట్రన్సు. దూరవిద్యలో డిగ్రీ చేసినదానివి, అరటి కొట్టులో చీటీలు రాసుకునేదానివి, నీకెందుకన్నావు కదా. ఎందుకంటే, సరుకు కొనే కంపెనీ మేనేజరు ఒకడు వచ్చి నేను రాసిన చీటీ చూసి ఇంగ్లీషులో నవ్వాడు. నవ్వు ఏ భాషలోదో నాకు తెలుసు. ఆ కుర్చీలో నేను కూర్చోవాలి. లెక్కలు వచ్చు, లాజిక్కు వచ్చు. నన్ను చంపేది ఆ ఇంగ్లీషే. అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి సంపాదించాను. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, నాకు నేనే మాస్టర్ని, నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

అందులో ప్యాసేజీలని ఉంటాయి. చదివి ప్రశ్నలకి సరైన జవాబు మీద టిక్కు పెట్టాలి. ఒక ప్యాసేజీ సముద్రపు కోత గురించే వచ్చింది. మన సబ్జెక్టే కదా అని ఎగిరి గంతేశాను. అయిదు ప్రశ్నలు, అయిదూ తప్పు! ఆ రాసినవాడు ఏమంటాడంటే, కోత చాలా నెమ్మదిగా జరుగుతుందట, ఒడ్డున ఉండేవాళ్ళు గమనించనే గమనించరట. మన వంటిల్లు సముద్రంలోకి పోయిన రోజున పొయ్యి మీద పులుసు ఇంకా ఉడుకుతూనే ఉంది కదక్కా! అమ్మ గరిటె పట్టుకుని బయటికి పరిగెత్తింది. నేను నాకు తెలిసినదానికే టిక్కు పెట్టాను. పుస్తకం వెనక ఏం రాసుందంటే, మీకు తెలిసినది కాదు, ప్యాసేజీలో ఉన్నదే జవాబు. పుస్తకాన్ని గోడకేసి కొట్టి, మళ్ళీ నేనే తీసుకొచ్చుకున్నాను.

మాటలు గుర్తుండటానికి ఒక ఉపాయం పెట్టాను. మా కొట్టులో ప్రతి గెల కాడ మీదా రైతు పేరులో మొదటి అక్షరం, లాటు నంబరు మార్కరుతో రాయాలి, అది నా పని. దాని కిందే ఒక ఇంగ్లీషు మాట రాయడం మొదలుపెట్టాను. పొద్దున్న రాస్తాను. మధ్యాహ్నం లారీకి ఎక్కించేటప్పుడు గెల ఎదురొస్తే అర్థం చెప్పుకోవాలి. నువ్వు మగ్గం మీద బుటా వేసేటప్పుడు పోగులు లెక్కపెట్టుకున్నట్టు పెదాలు ఆడించుకుంటూ తిరిగేదాన్ని. పిల్లకి గాలి సోకిందని జట్టు కూలీలు అనుకున్నారు.

ఒక మంగళవారం నా లిస్టులో 'మీడియోకర్' వచ్చింది. అంతంతమాత్రం అని అర్థం. గోదావరి లంక నుంచి వచ్చే అబ్బులు గారని పెద్ద రైతు ఉన్నారు. ఆయన చక్రకేళి గెల మీద రాసేశాను. ఆయన ఆ గెల అమ్మకుండా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పట్టుకెళ్ళిపోయారు, నాకేం తెలుసు? వియ్యాలవారి ముందు, పీటల మీద కూర్చుని ఉండగా, ఇంటరు చదివే మనవరాలు గట్టిగా చదివిందట. "తాతా, మన గెల అంతంతమాత్రం అని రాశారు!"

మర్నాడు సైకిలు స్టాండైనా వెయ్యకుండా పడేసి వచ్చారు. "ఏవమ్మాయ్, నలభై ఏళ్ళుగా చక్రకేళి పండిస్తున్నాను, నాది అంతంతమాత్రమా?"

"మీ గెలని కాదండి. నేను చదువుకుంటున్నానండి."

"గెలల మీదా? పలక లేదా నీకు?"

మా ఓనరు సూర్యారావు గారు పరిగెత్తుకొచ్చారు. "ఇంకొక్క ఇంగ్లీషు మాట కనపడిందంటే పరీక్ష ఆదివారం సెలవు లేదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం తెచ్చి అబ్బులు గారి ముందు పెట్టాను. "చూడండి, 'ఎం' అక్షరం లిస్టు. ఆ రోజు మీకు అది వచ్చింది. ముందు రోజు వచ్చుంటే మాగ్నిఫిసెంట్ వచ్చేది." అదేంటన్నారు. మహాద్భుతం అని చెప్పాను. ఆయన మార్కరు నా చేతిలో పెట్టి, "అయితే అది రాయి. అన్నిటి మీదా రాయి" అన్నారు.

అక్కడ పట్టుకుందక్కా తద్దినం! పక్కనున్న కర్పూర అరటి రైతు తనకీ కావాలన్నాడు. రోబస్ట్ అని రాశాను, బలమైనదని. వేళ్ళు మడిచి అక్షరాలు లెక్కపెట్టాడు. "ఆయనకి పదకొండు, నాకు ఆరా? నేనేం పాపం చేశాను?" వాడి కోసం వెతికి పన్నెండక్షరాల ఇన్‌కంపేరబుల్ పట్టుకొచ్చాను. ఇప్పుడు పక్క కొట్లకి వెళ్ళే రైతులు కూడా మా దగ్గరికే వస్తున్నారు. పుస్తకంలో మెచ్చుకునే మాటలన్నీ నాకు నోటికొచ్చేశాయి. తిట్టేవే రావడం లేదు, వాటిని ఎవరూ రాయించుకోరు కదా.

మొన్న సూర్యారావు గారు నవ్వుతూ వచ్చారు. "రత్నం, ఆదివారం గెలలు దండిగా వస్తాయి. నువ్వు లేకపోతే రైతులు ఊరుకోరు. పరీక్ష వచ్చే ఏడాది రాసుకో."

మొదట రాశానని సెలవు లేదన్నాడు, ఇప్పుడు రాయాలని సెలవు లేదంటున్నాడు! మార్కరు బల్ల మీద పెట్టేశాను. "ఇవాళ్టి నుంచి నంబరు తప్ప ఒక్క అక్షరం రాయనండి" అన్నాను. నోరు పారేసుకోలేదు, ఒట్టు. కొంచెం పారేసుకున్నాను.

నిన్న అబ్బులు గారు వచ్చి గెల తిప్పి తిప్పి చూశారు. "నా మాగ్నిఫిసెంట్ ఏదమ్మా?" సంగతి చెప్పాను. తిన్నగా ఓనరు దగ్గరికి వెళ్ళారు.

"సూర్యారావు గారూ, ఆదివారం మా లంకలో ఎవరూ గెల కొయ్యరండి. సోమవారం కోస్తాం. ఒక్క రోజుకి చెట్టు మీద కాయేం పండిపోదు."

"మీరంతా కలిసి నా కొట్టు మూయిస్తారా?"

"గెలలే లేని రోజున ఆ పిల్లతో మీకేం పనండి? పంపించండి."

సెలవు ఇచ్చారు. మొహం ముడుచుకునే ఇచ్చారు గానీ, ఇచ్చారు. నేను దణ్ణం పెడితే అబ్బులు గారు వేలు చూపించారు. "సీటు రాలేదనుకో, మొదట నా గెల మీద ఏం రాశావో అది నీ నుదుటి మీద రాస్తాను. మార్కరు నాకు దొరుకుతుంది."

హాల్లోకి అసలు ఆధార్ కార్డే తేవాలట, జిరాక్స్ చెల్లదట. వంటిల్లు పోయిన రోజు బయటికి మోసుకొచ్చిన ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. శుక్రవారం వ్యానులో తప్పకుండా పంపించు. మర్చిపోతే ఫోన్ చేస్తాను, అప్పుడు వినపడుతుంది.

ఆ కోత ప్యాసేజీ లాంటిది మళ్ళీ వస్తే, ఈసారి వాడు చెప్పినట్టే 'నెమ్మదిగా' అన్నదానికే టిక్కు పెడతాను. సీటు వచ్చాక వాణ్ణి వెతికి పట్టుకుని పులుసు సంగతి చెప్తాను.

బావని అడిగానని చెప్పు. నా మీద కోపం పెట్టుకోకు, నా దగ్గర ఇద్దరికి సరిపడా ఉంది. అమ్మ కాళ్ళకి నా దణ్ణాలు. ఆదివారం పొద్దున్న సముద్రం వైపు తిరిగి, నా నుదురు ఖాళీగానే ఉండేట్టు దీవించమని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు
నూకరత్నం