రెక్కలు రెండు, దిండ్లు నాలుగు

1963 జనవరి 1, మంగళవారం

పొద్దున్నే లేచాను. అంటే ఎనిమిదింటికి. నిన్న చర్చిలో పాత సంవత్సరాన్ని సాగనంపి కొత్తదాన్ని పిలుచుకొచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆ లెక్కన ఎనిమిదంటే పొద్దున్నే.

ఏటా లాగే పళ్ళెంలో చీటీలు తిప్పారు. ఎవరికి ఏ వాక్యం వస్తే అది వాళ్ళకు ఆ ఏడాది వాగ్దానం. నా భార్య జయశీలకు ఓర్పు గురించి వచ్చింది. నన్ను కట్టుకున్న మనిషికి ఏం కావాలో పైవాడికి తెలుసు. నాకేమో రెక్కలు చాపి పైకి ఎగరడం గురించి వచ్చింది!

మిగతావాళ్ళయితే ఆ చీటీని బైబిల్లో పెట్టి మరిచిపోతారు. ఈ క్రీస్తుదాసు అలాంటివాడు కాదు. మిషను దొరగారు తమ దేశం వెళ్తూ వదిలేసిన పత్రికల్లో కొత్త రకం గ్లైడరు బొమ్మ ఉంది. ఇంజను లేదు. పెట్రోలు లేదు. గాలి మీదే తేలుతూ మైళ్ళకు మైళ్ళు పోతుందట. పైగా నడిపేవాడు కాళ్ళు బారచాపి, వెనక్కి వాలి, పెళ్ళివారింట్లో మధ్యాహ్నం భోజనమైన మామగారిలా పడుకుని ఉన్నాడు. నెల్లూరులో పడక కుర్చీలు చేసి అమ్మేవాణ్ణి, ఈ పనికి నాకంటే తగినవాడెవడు?

తీర్మానం: వచ్చే నెలాఖరున చర్చిలో కోత పండుగ. ఆలోపల గ్లైడరు కట్టి మైపాడు సముద్రపొడ్డు ఇసుక మీది నుంచి ఎగరాలి. ప్రథమ ఫలం దేవుడిది కనుక ఆ మొదటి గ్లైడరు పండుగ వేలానికి ఇచ్చేస్తాను. ఆ తర్వాతవి దేశమంతా అమ్ముతాను.

భోజనాల దగ్గర ప్రకటించాను. మా మామ అబ్రహాము గారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. నడుం నొప్పి. ఆర్నెల్లుగా రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కునుకుతారే తప్ప పడుకోలేరు. ప్రసంగం కూడా నిలబడే వింటారు. కూర్చున్నవాళ్ళను చూస్తే అందుకే ఆయనకు గిట్టదు.

"అల్లుడూ, కుర్చీలో నించి కంచం కాడికి వచ్చేదానికే ముక్కుతుండావు. ఆకాశానికి యాడ పోతావు?" అన్నారు.

పిల్లలు నవ్వారు. నా పిల్లలు! ఒళ్ళు మండిపోయింది. చూపిస్తాను.

జనవరి 2

6.00: లేచాను. నిజంగా ఆరే!
7.00: వెదుళ్ళు కొన్నాను.
8.00: కొట్టు గోడ మీద బొగ్గుతో రాశాను. గ్లైడరుకు కావలసినవి: 1. తేలిక. 2. తేలిక. 3. తేలిక.

జనవరి 8

ఎడమ రెక్క చట్రం పూర్తి! ఒంటి చేత్తో ఎత్తాను. జయశీలను పిలిచి మళ్ళీ ఎత్తాను.

"బాగుండాదండీ," అంది. ఓర్పు అప్పుడే పనిచేస్తోంది.

సాయంత్రం ప్రకటన కూడా రాసేశాను. "విడవలూరు నుంచి నెల్లూరికి గాలిలో! గుంతలు లేవు! దుమ్ము లేదు! ఎడ్లకు మేత అక్కర్లేదు! ఒకసారి కూర్చుంటే లేవబుద్ధి కాదు!" ఆఖరి మాట మా పడక కుర్చీల కాగితంలోది. బాగుందని ఉంచేశాను.

జనవరి 16

సీటు మొదలు. వెదురు బద్దలతో ఒక పూటలో అయిపోవాలి. అయింది. కూర్చున్నాను. గుచ్చుకుంది.

కొనేవాళ్ళు పెద్దమనుషులు. పెద్దమనుషులను వెదురు బద్దల మీద కూర్చోబెడితే కొట్టు పరువేం కాను? టేకు చట్రం వేసి పేము అల్లించాను. తేలిక కొంచెం తగ్గింది. గోడ మీద మూడో "తేలిక" తుడిచేశాను.

జనవరి 23

మొదటి గిరాకీ! విడవలూరు నుంచి పెంచలరెడ్డి గారు కుర్చీ బేరానికి వచ్చి, గ్లైడరు సీట్లో కూర్చున్నారు. కూర్చుని గంటసేపు లేవలేదు.

"ఇదేందబ్బా, నడుముకు ఎవురో చెయ్యి ఆనించినట్టుండాది," అన్నారు. "తమలపాకుల పెట్టె పెట్టుకునేదానికి చోటేదీ?"

వెంటనే చోటు చేశాను. కాళ్ళు ఇంకో జానెడు చాపుకునే వీలు కావాలన్నారు. చేశాను. ఉమ్మేదానికి కావాలన్నారు. పైనుంచి ఉమ్మితే కింద ఎవరుంటారోనని ఇత్తడి తమ్మపడిగ కూడా బిగించాను.

"బాగుండాది. ఆ రెక్కలు మాత్రం పీకేసి ఇంటికి పంపించు," అన్నారు.

రెక్కలు లేకపోతే గ్లైడరు కాదని విడమరిచి చెప్పాను. ఆయన మామూలు కుర్చీ తీసుకుని పోయారు. దేశం ఇంకా ఎదగాలి.

జనవరి 30

దిండ్లు వచ్చాయి. తలకొకటి, నడుముకొకటి, మోకాళ్ళ కిందికొకటి. ఒకటి ఊరికే.

"ఎగిరేదానికి దిండ్లెందుకండీ?" అని జయశీల అడిగింది.

"పడితే?" అన్నాను.

భోజనం చేసి సీటును పరీక్షించాను. పరీక్ష పూర్తయ్యేసరికి దీపాలు పెట్టారు.

ఫిబ్రవరి 1

కుడి రెక్క రేపు.

ఫిబ్రవరి 2

రేపు ఆదివారం. కుడి రెక్క ఎల్లుండి.

ఫిబ్రవరి 4

ఎల్లుండి వచ్చింది. సీటును మరోసారి పరీక్షించాను. లోపం లేదు.

ఫిబ్రవరి 11

కుడి రెక్క హడావుడిగా పూర్తి. ఎడమదానికంటే బెత్తెడు పొట్టి. గాలికి కొలబద్ద ఉండదు.

గుడ్డ బిగుసుకోవాలని చిక్కటి గంజి పట్టించి దొడ్లో ఎండబెట్టాను. పక్కింటి గేదె వచ్చి కొసంతా నాకేసింది. దాన్ని కట్టేసుకోమన్నందుకు, గంజి తొట్టి దాని ముందర పెట్టిందెవురని వాళ్ళు నన్నే అడిగారు. కొత్తది కనిపెట్టేవాళ్ళకు అన్నీ అడ్డంకులే.

ఫిబ్రవరి 16, శనివారం. మైపాడు!

రెండు ఎడ్లబండ్ల మీద గ్లైడరు. వెనక బస్సులో జయశీల, పిల్లలు, చేతికర్రతో మామ.

9.00: రెక్కలు బిగించాం. ఊరంతా మూగింది.

9.30: గ్లైడరు ముక్కుకు తాడు కట్టించాను. రోజూ సముద్రంలోంచి పెద్దవల ఒడ్డుకు లాగే చిన్నపోలయ్య జట్టును మాట్లాడుకున్నాను. తాడు లాగడంలో వాళ్ళ తర్వాతే ఎవరైనా. ఇంత తెలివైన ఆలోచన పత్రికలో కూడా లేదు.

9.45: దిండ్లు సర్దుకుని కూర్చున్నాను. లాగమన్నాను. లాగారు. వల లాగినట్టే లాగారు: వెనక్కి నడుస్తూ, ఒక్కో అడుగే వేస్తూ, పాట పాడుతూ.

"పరిగెత్తండయ్యా!" అని అరిచాను.

"పరిగెత్తితే వల చినిగిపోద్ది సామీ," అన్నాడు చిన్నపోలయ్య.

"ఇది వల కాదయ్యా!"

"తాడు తాడేగదా సామీ. దాన్ని లాగే పద్ధతొకటుండాది. మా తాతల కాడి నించీ ఇంతే."

పాట సాగింది. గ్లైడరు కూడా ఇసుక మీద పురుగు పాకినట్టు సాగింది. సముద్రపు గాలి చల్లగా తగులుతోంది. నడుం కింద దిండు. మోకాళ్ళ కింద దిండు.

తర్వాత ఏం జరిగిందో నేను రాయలేను. నాకు తెలియదు కనుక.

కళ్ళు తెరిచేసరికి సరుగుడు తోట పక్కన ఉన్నాను. జట్టు చద్ది తింటోంది. నా తల దగ్గర మామ చేతికర్ర మీద వాలి నిలబడి ఉన్నారు.

"నువ్వు కదల్లేదు గానీ అల్లుడూ, గురక మాత్రం చానా ఎత్తుకు పోయింది," అన్నారు.

ఫిబ్రవరి 17

చర్చిలో అందరికీ తెలుసు. ఆరాధన మొదలవకముందే తెలుసు.

నిన్నటి వైఫల్యానికి కారణాలు: గాలి తప్పుడు దిక్కు. ఇసుక తడి. గేదె. చిన్నపోలయ్య తాతలు.

నిద్ర కారణం కాదు. నిద్ర సీటు నాణ్యతకు రుజువు.

రెక్కలు మైపాడులోనే వదిలి సీటున్న తొట్టి మాత్రం ఇంటికి తెచ్చాను, మెరుగులు దిద్దడానికి. ఈలోగా ఆ రెక్కల మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకుంటానని చిన్నపోలయ్య భార్య ఆదిశేషమ్మ అడిగింది. సరే అన్నాను. రెండు రోజులే కదా.

ఫిబ్రవరి 20

రెండో ప్రయత్నం కోసం మైపాడు వెళ్ళాను. రెక్కల నిండా నెత్తళ్ళు.

"సగమే ఎండినాయయ్యా, ఇప్పుడు తీస్తే కుళ్ళిపోతాయి. తిని పో," అంది ఆదిశేషమ్మ.

వంజరం చేప పులుసు. మూడుసార్లు వడ్డించింది. పులుసన్నం తిన్నవాడు ఎగరకూడదని పత్రికలో రాయలేదు కానీ, రాయవలసింది.

ఫిబ్రవరి 24, ఆదివారం. కోత పండుగ

చర్చి ముందర గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్ల బస్తాలు. వాటి మధ్య నా తొట్టి. ఇస్తానన్నది ఇవ్వాలి కదా. సిగ్గుతో తల ఎత్తలేదు.

ఏటా వేలం పాడించేది మామే. నిలబడి, గంట సేపు, చెయ్యి పైకెత్తి. ఈసారి మొహం నొప్పితో నల్లబడి ఉంది.

"రెక్కలేవి అల్లుడూ?" అన్నారు అందరికీ వినబడేట్టు.

"ఎండుతున్నాయి మామా," అన్నాను. చర్చి చర్చంతా నవ్వింది.

వేలంలో ఏ వస్తువైనా జనానికి చూపించాలి. కోడినైతే కాళ్ళు పట్టి ఎత్తి చూపిస్తారు. "దీన్ని ఎట్టా చూపించేది? కూర్చునే చూపించాల," అంటూ మామ కర్ర పక్కన పెట్టి, తొట్టిలోకి దిగి, వెనక్కి వాలారు.

"ఒకటోసారి," అన్నారు. గట్టిగా.

"రెండోసారి," అన్నారు. మెల్లగా.

మూడోసారి రాలేదు. అందరం ఎదురు చూశాం. పాస్టరు గారు వంగి చూశారు. మామ నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

జయశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. ఏడుస్తోంది. "నాయన వెల్లకిలా పొణుకోని ఎన్నాళ్ళయిందో తెలుసా అండీ?" అంది.

పాస్టరు గారు మూడోసారి అనకుండానే పుస్తకం మూసేశారు. తొట్టిని మామ పేరు మీదే రాయమన్నారు. కోళ్ళను కూడా చప్పుడు కాకుండా వీధిలోకి తీసుకుపోయి వేలం పాడారు.

సంతోషం వేసింది. చాలా వేసింది. ఒప్పుకోవడం ఇష్టం లేదు కానీ ఇది నా డైరీ కనుక ఒప్పుకుంటున్నాను. ఇంటికొచ్చాక కోపం కూడా వచ్చింది. మామ నిద్రపోయాక రెక్కల గురించి ఒక్కరూ అడగలేదు.

ఫిబ్రవరి 26

మైపాడు బస్సు దిగి చిన్నపోలయ్య పరిగెత్తుకొచ్చాడు. మొన్న తాడు లాగమంటే పరిగెత్తని మనిషి!

"సామీ, పొద్దన సుడిగాలి వచ్చింది. నీ రెక్కలు లేచినాయి! సరుగుడు చెట్ల మీదగా పోయి ఆవతల దిబ్బ మీద దిగినాయి. కర్ర ఒకటి గూడా ఇరగలేదు. నెత్తళ్ళు గూడా చానా మటుకు వాటి మీదే ఉండాయి!"

రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఎగిరింది. పొట్టి రెక్కతోనే. గేదె నాకిన రెక్కతోనే. టేకు లేకుండా, తమ్మపడిగ లేకుండా, నేను లేకుండా. నాకొచ్చిన వాగ్దానం నెత్తళ్ళకు నెరవేరింది.

ఏడుపొచ్చింది. వెంటనే మామ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన తొట్టిలోంచి కదలకుండా విన్నారు. ఈసారి వెక్కిరించలేదు.

"అయితే కట్టింది సరిగ్గానే కట్టినావబ్బయ్యా," అన్నారు. "మళ్ళా పోయేటప్పుడు నన్ను నిద్ర లేపు. చూడాల."

ఫిబ్రవరి 27, బుధవారం

ఈ రోజు నుంచి శ్రమల దినాలు. సుఖాలు మానుకునే కాలం. దేవుడు సరైన సమయమే చూశాడు.

6.00: లేచాను!
6.30: గోడ మీద మళ్ళీ రాశాను. తేలిక. తేలిక. తేలిక.

కొత్త తీర్మానం: ఈస్టరు లోపల ఎగరాలి. టేకు లేదు. పేము లేదు. ఆకుల పెట్టె లేదు. దిండ్లు అసలే లేవు. రెక్కలకు అడ్డంగా ఒక వెదురు బద్ద. దాని మీద నేను. అంతే.

11.00: బద్ద బిగించి కూర్చుని చూశాను.
11.05: చిన్న దిండు ఒకటి. ఒక్కటే.